ఆన్‌లైన్ వేధింపులు, అమ్మాయిల పైచదువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూలు చివరి తరగతుల్లో ఉన్న అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు, టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వేధించే పోస్టు ఎలా తీయించాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఆ గొడవలో పడి దరఖాస్తు గడువు దాటిపోకుండా, భయంతో కోర్సు మార్చేసుకోకుండా ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం. ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తున్నా, అమ్మాయి బతకాలని లేదంటున్నా మిగతావి పక్కనపెట్టి ఆ ప్రశ్నలు ముందు చదవండి.

స్నేహితుల మధ్య గొడవకూ సైబర్ బుల్లీయింగ్‌కూ (ఆన్‌లైన్ వేధింపులకూ) తేడా ఎక్కడ?

మూడు విషయాలు చూడాలి. బాధపెట్టాలనే చేస్తున్నారా? మళ్లీ మళ్లీ జరుగుతోందా? అమ్మాయి తిప్పికొట్టలేని స్థితిలో ఉందా? మూడింటికీ అవుననే జవాబు వస్తే అది వేధింపే. అయితే ఆన్‌లైన్‌లో “మళ్లీ మళ్లీ” అన్న మాటకు అర్థం కాస్త వేరు. ఒకడు ఒక్కసారే పెట్టిన ఫొటోను నలభైమంది ఫార్వర్డ్ చేస్తే ఆ అమ్మాయికి అది నలభైసార్లు జరిగినట్టే. బలం సంగతీ అంతే. పేరు దాచుకుని రాసేవాడు ఒంటరివాడైనా, ఎవరో తెలియనంతవరకు పైచేయి అతనిదే.

ఫేక్ అకౌంట్ తెరవడం, డీపీ ఎత్తుకెళ్లి మార్ఫింగ్ చేయడం, చాటుగా చెప్పిన మాటల స్క్రీన్‌షాట్ బయటపెట్టడం, “ఎవరు అందంగా లేరు” అని పోల్ పెట్టడం, క్లాసంతా ఉన్న గ్రూపులోంచి ఒక్కరినే తీసేయడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. చదువుకు ఎక్కువ నష్టం చేసేది మాత్రం చాలాసార్లు అదే. ఎందుకో కింద చెప్పాం.

నిజంగా ఇంతమందికి జరుగుతోందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2024లో 44 దేశాలు, ప్రాంతాల సర్వే ఫలితాలు ప్రకటించింది. ఆన్‌లైన్ వేధింపులు ఎదుర్కొన్నామన్న పిల్లలు అబ్బాయిల్లో 15 శాతం, అమ్మాయిల్లో 16 శాతం. ప్లాన్ ఇంటర్నేషనల్ 2020లో 22 దేశాల్లో 14,000 మంది అమ్మాయిలు, యువతులను అడిగితే 58 శాతం మంది తమకు ఆన్‌లైన్‌లో వేధింపులు జరిగాయన్నారు. రెండు అంకెలకూ ఇంత తేడా ఉందని ఏదో ఒకటి తప్పనుకోవద్దు. అడిగిన ప్రశ్న, వయసు, కాలం వేరు. మొదటిది బుల్లీయింగ్ గురించి అడిగింది, రెండోది అపరిచితుల అసభ్య సందేశాలతో సహా అన్ని రకాల వేధింపులనూ లెక్కించింది.

దీనికీ పైచదువుల ప్రణాళికకూ సంబంధం ఏమిటి? మార్కులు తగ్గుతాయనేనా?

మార్కులు అందులో ఒక దారి మాత్రమే. ఈ వయసువాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి దాకా “ఇంకా ఏం రాశారో” అని ఫోను చూసుకునే పిల్ల ఉదయం తరగతిలో కూర్చున్నా పాఠం ఎక్కదు. తర్వాత తలనొప్పి, కడుపునొప్పి అంటూ సెలవులు పెరుగుతాయి.

రెండో దారి సమాచారం. నోట్సు, పరీక్ష తేదీలు, దరఖాస్తు గడువులు, స్కాలర్‌షిప్ కబుర్లు ఇప్పుడు క్లాసు గ్రూపుల్లోనే తిరుగుతాయి. గ్రూపులోంచి తీసేసిన అమ్మాయికి, లేదా అవమానం భరించలేక తానే బయటికి వచ్చేసిన అమ్మాయికి ఇవేవీ అందవు. గడువు దాటిపోయిందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

మూడోది ఎవరి కళ్లకూ పడదు. అమ్మాయి తన కోరికలను తానే కుదించుకుంటుంది. డిబేటింగ్ మానేస్తుంది, సైన్స్ క్లబ్బుకు వెళ్లదు, తరగతిలో చెయ్యి ఎత్తదు. అలా మానేస్తే కాలేజీకి సిఫారసు ఉత్తరం రాయాల్సిన టీచరుకు ఆమె గురించి రాయడానికి ఏమీ మిగలదు. వేధించేవాళ్లు ఏ కోర్సుకు వెళ్తున్నారో కనుక్కుని దాన్ని తన జాబితాలోంచి కొట్టేస్తుంది. ఇంటర్వ్యూ ఉన్న కాలేజీలు, వీడియో పంపమనే కాలేజీలు వదిలేస్తుంది. మార్కులు బాగానే వస్తుంటాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

వేధింపులకు గురైన ప్రతి అమ్మాయీ చదువులో వెనకబడుతుందని మేం అనడం లేదు. ఇల్లు, ఒకరిద్దరు స్నేహితులు, నమ్మే టీచరు ఉన్నచోట చాలామంది నిలదొక్కుకుంటారు.

ఇంట్లో వాళ్లం ఎలా గుర్తుపట్టాలి?

ఫోను మోగగానే ఉలిక్కిపడటం, తెర తిప్పేసుకోవడం, తిండి తగ్గడం అందరూ చెప్పే గుర్తులే. పైచదువుల విషయంలో ఇంకొన్ని చూడండి. ఏడాదిగా చెబుతున్న కాలేజీ పేరు ఒక్కసారిగా ఎత్తకపోవడం. దరఖాస్తు తెరిచి ఫొటో అప్‌లోడ్ చేసే చోట ఆపేయడం. “ఇంట్లో ఉండే చదువుకునేది ఏదైనా చాలు” అనడం. కారణం అడిగితే “ఇష్టం పోయింది” తప్ప ఇంకో మాట రాకపోవడం. ఇష్టాలు మారడం ఆ వయసులో సహజమే. అయితే మారిన ఇష్టం కొత్త కోర్సు పేరు చెబుతుంది, దాని గురించి మాట్లాడుతుంది. భయపడ్డ పిల్ల పాతదాన్ని వదిలేసి ఊరుకుంటుంది.

ఇప్పుడే తెలిసింది. ముందు ఏం చేయాలి?

జవాబు రాయొద్దు. బ్లాక్ కూడా వెంటనే చేయొద్దు. ముందు ఆధారాలు. బ్లాక్ చేశాక ఆ ప్రొఫైల్ మీకు కనిపించకుండా పోవచ్చు. వాట్సాప్‌లో పంపినవాళ్లు రెండు రోజుల తర్వాత కూడా “అందరికీ డిలీట్” చేసేయగలరు. స్టేటస్‌లు, స్టోరీలు 24 గంటల్లో మాయమవుతాయి.

ఆధారం పనికిరావాలంటే స్క్రీన్‌షాట్‌లో మూడు కనపడాలి: పంపినవాళ్ల యూజర్‌నేమ్, తేదీ-సమయం, ముందూ వెనకా ఉన్న సందేశాలు. కత్తిరించకండి. కత్తిరించిన ముక్క చూస్తే “ముందు నువ్వేం అన్నావు?” అనే ప్రశ్న వస్తుంది. ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు విడిగా కాపీ చేసుకోండి, ఎందుకంటే పైకి కనిపించే పేరును ఎవరైనా నిమిషంలో మార్చేయొచ్చు. స్టోరీలకు స్క్రీన్ రికార్డింగ్ మేలు. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది, అక్కడ ఇంకో ఫోనుతో ఫొటో తీయండి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్‌తో మొత్తం సంభాషణ ఫైలుగా వస్తుంది. రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి నమ్మిన పెద్దవాళ్ల దగ్గర.

ఒక కాగితం మీద వరసగా రాయండి: తేదీ, సమయం, ఏ యాప్, ఎవరు, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఆ రోజు చదువు మీద పడ్డ దెబ్బ (బడి మానడం, పరీక్ష రాయలేకపోవడం, గడువు తప్పడం). ఈ చివరి గడిని దాదాపు ఎవరూ నింపరు. మార్కుల గురించి, గడువు పొడిగింపు గురించి అడగాల్సి వచ్చినప్పుడు మీ చేతిలో ఉండేది అదే.

ఒక్క జాగ్రత్త. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల నగ్న చిత్రాలైతే స్క్రీన్‌షాట్ తీయొద్దు, సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ పంపొద్దు. అలాంటి బొమ్మ దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో నేరం. లింకు, యూజర్‌నేమ్, సమయం, బొమ్మలో ఏముందో రెండు మాటలు రాసుకుంటే చాలు.

నా ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తున్నారు, లేదా మార్ఫింగ్ చేసి పెట్టారు.

డబ్బు పంపొద్దు, ఇంకో ఫొటో అసలే పంపొద్దు. ఒకసారి ఇస్తే బెదిరింపు ఆగదు, అడిగేది పెరుగుతుంది. అకౌంట్ తొలగించొద్దు, సాక్ష్యం దాంతోపాటే పోతుంది. ఇంట్లో ఒకరికి ఇవాళే చెప్పండి, పోలీసు ఫిర్యాదు చేయండి.

అది నగ్న లేదా లైంగిక చిత్రమై, ఆ ఫొటో దిగేనాటికి మీకు 18 ఏళ్లు నిండకపోతే, పిల్లల రక్షణ కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఏ దేశం నుంచైనా పేరు చెప్పకుండా వాడుకోవచ్చు. 18 దాటినవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అని అలాంటిదే ఉంది. రెండూ పనిచేసే తీరు ఒకటే. మీ ఫొటో మీ ఫోను దాటి వెళ్లదు. ఫోనులోనే దానికి హ్యాష్ అనే సంఖ్యల వేలిముద్ర తయారవుతుంది, అది మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామి సంస్థలకు చేరుతుంది. వాళ్లు అదే వేలిముద్ర ఉన్న బొమ్మ దొరికితే తీసేస్తారు. దీనికి హద్దులున్నాయి. ఈ సేవలో చేరని సైట్లలో పనిచేయదు. ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని ప్రైవేటు చాట్లలోకి చూడలేదు. బొమ్మను కత్తిరించినా మార్చినా వేలిముద్ర మారిపోవచ్చు, అందుకే మీకు తెలిసిన ప్రతి రూపానికీ విడిగా చేయండి.

గూగుల్ వెతుకులాటలో బొమ్మ వస్తుంటే తొలగించమని గూగుల్‌కు విడిగా అభ్యర్థన పెట్టాలి. మైనర్ల ఫొటోలకు ప్రత్యేక దరఖాస్తు ఉంది. అది వెతుకులాట ఫలితాల్లోంచి తీస్తుంది, అసలు సైటులోంచి కాదు. సైటుకు వేరే ఫిర్యాదు చేయాల్సిందే.

బ్లాక్ చేస్తే ఇంకా రెచ్చిపోతారేమో?

రోజూ అదే తరగతిలో కూర్చునేవాళ్లయితే ఆ భయం నిజమే. ఇన్‌స్టాగ్రామ్‌లో రిస్ట్రిక్ట్ అనేది అందుకే పెట్టారు. అది పెడితే వాళ్ల కామెంట్ మీరు ఒప్పుకునేదాకా వాళ్లకే కనిపిస్తుంది, వాళ్ల మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి వెళ్తాయి, మీరు చదివారో లేదో, ఆన్‌లైన్‌లో ఉన్నారో లేదో వాళ్లకు తెలియదు. వాట్సాప్‌లో రిపోర్ట్ కొడితే వాళ్లు మీకు పంపిన చివరి ఐదు సందేశాలు కంపెనీకి వెళ్తాయి, రిపోర్ట్ చేసినట్టు వాళ్లకు తెలియదు. గ్రూపుల సెట్టింగులో మిమ్మల్ని ఎవరు చేర్చవచ్చో మీ కాంటాక్టులకే పరిమితం చేయండి.

అసలు ఫోనే మానేస్తే?

కొన్ని యాప్‌ల నుంచి కొన్నాళ్లు దూరం ఉండటం మంచిదే. ఫోను, ఈమెయిల్ పూర్తిగా వదిలేస్తే మాత్రం నష్టపోయేది మీరే. దరఖాస్తుల ఓటీపీలు, ఇంటర్వ్యూ తేదీలు, సీటు ఖరారు చేయమనే సందేశాలు వచ్చేది అక్కడికే.

చేయాల్సింది ఇది. దరఖాస్తుల కోసమే కొత్త ఈమెయిల్ తెరవండి, దాన్ని ఏ సోషల్ మీడియా ఖాతాకూ తగిలించకండి, స్నేహితులకు చెప్పకండి. పాస్‌వర్డ్ కొత్తది పెట్టి, రెండంచెల ధృవీకరణ ఆన్ చేయండి. పాత ఖాతాలన్నిటిలో “అన్ని పరికరాల నుంచి లాగౌట్” నొక్కండి. వేధించేది ఒకప్పటి ప్రాణస్నేహితురాలైతే ఇది తప్పనిసరి. మీ పుట్టినతేదీ, పెంపుడు కుక్క పేరు, పాత పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. వాటితో దరఖాస్తు పోర్టల్‌లోకి దూరి వివరాలు మార్చడం పెద్ద కష్టం కాదు. భద్రతా ప్రశ్నలకు నిజం జవాబులు రాయనక్కర్లేదు, మీకు మాత్రమే గుర్తుండే అబద్ధం రాయండి. గడువులన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించండి. క్లాసు గ్రూపు మీద ఆధారపడే పని తప్పుతుంది. ఒక టీచరును “గ్రూపులో పెట్టే నోటీసులు నాకు విడిగా పంపండి” అని అడగండి.

అందరికీ దూరంగా వేరే ఊళ్లో చేరిపోవాలనిపిస్తోంది. లేదా ఒక ఏడాది ఆగాలనిపిస్తోంది. తప్పా?

తప్పు కాదు. దూరం వెళ్లడం కొందరికి నిజంగా ఊపిరి పోసే నిర్ణయం. మేం అడిగేది ఒక్కటే: కాలేజీని మీరు ఎంచుకుంటున్నారా, వేధించేవాళ్లు ఎంచుతున్నారా?

తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు వేధింపులు మొదలవకముందు మీ మనసులో ఉన్న మూడు కోర్సులు లేదా కాలేజీలు రాయండి. కుడివైపు ఇప్పుడున్న మూడు. పేరు మారిన ప్రతి చోటా కారణం ఒక్క వాక్యంలో రాయండి. “అక్కడ ఆ సబ్జెక్టు బాగుంది”, “ఫీజు తక్కువ” అంటే అది మీ నిర్ణయం. “అక్కడికి వాళ్లు వస్తారు”, “నన్ను ఎవరూ చూడకూడదు” అంటే ఆ పేరును కొట్టేయకండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. ఈలోగా గడువు వస్తే దరఖాస్తు పెట్టేయండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన చేరాలని లేదు, పెట్టకపోతే మాత్రం ఆ తలుపు ఏడాది పాటు మూసుకుపోతుంది. ఫీజు భారమైతే మినహాయింపు ఉందేమో కాలేజీని అడగండి, చాలా చోట్ల ఉంటుంది గానీ అడిగినవాళ్లకే దక్కుతుంది.

ఏడాది ఆగేట్టయితే సీటు వచ్చాక వాయిదా అడగడం మేలు. వాయిదా ఇస్తామన్న మాటను రాతపూర్వకంగా తీసుకోండి. స్కాలర్‌షిప్ కూడా వాయిదా పడుతుందా, వయసు పరిమితి ఏమైనా ఉందా, పరీక్ష స్కోరు ఎన్నేళ్లు చెల్లుతుంది అన్న మూడూ కనుక్కున్నాకే ఒప్పుకోండి. ఆ ఏడాదికి వారం వారం చేసే పని ఒకటి ఉండాలి. ఖాళీగా గడిచే ఏడాది మళ్లీ ఫోను ముందే గడుస్తుంది.

ఆ ఏడాది మార్కులు పడిపోయాయి. దరఖాస్తులో చెప్పాలా?

చెప్పి తీరాలనేం లేదు. ప్రవేశం పరీక్ష ర్యాంకు మీదే ఆధారపడే చోట చెప్పినా ఉపయోగం లేదు. వ్యాసం, అదనపు సమాచారం రాసే గడి ఉన్న దరఖాస్తుల్లో మాత్రం చెప్పడం మంచిది, వివరణ లేని పతనాన్ని చదివేవాళ్లు నిర్లక్ష్యం అనుకోవచ్చు. ఐదారు వాక్యాలు చాలు: ఎప్పుడు మొదలైంది, చదువు మీద ఏ రూపంలో పడింది, మీరేం చేశారు, ఇప్పుడెలా ఉంది. వేధించినవాళ్ల పేర్లు వద్దు, వాళ్ల మాటలు యథాతథంగా వద్దు. ప్రధాన వ్యాసం మొత్తం దీని మీదే రాస్తామంటారు కొందరు. మా అభిప్రాయం వద్దనే. ఆ వ్యాసంలో మీకు ఇష్టమైన విషయం, మీరు చేసిన పని కనపడాలి. పాఠశాల కౌన్సెలర్ ఉత్తరంలో ఇదే విషయం ఒక పేరాగా వస్తే ఇంకా బలం.

కాలేజీవాళ్లు మన గురించి ఆన్‌లైన్‌లో వెతికితే ఆ ఫేక్ పోస్టులు కనపడవా?

కొన్ని చోట్ల వెతుకుతారు. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి మీ పేరు, పేరుతోపాటు స్కూలు పేరు, మీ యూజర్‌నేమ్ విడివిడిగా వెతకండి. ఫొటోల ట్యాబ్ కూడా చూడండి. ఫేక్ అకౌంట్ దొరికితే “నాలా నటిస్తున్నారు” అనే కారణం ఎంచుకుని రిపోర్ట్ చేయండి. “నచ్చలేదు”, “స్పామ్” అని కొడితే అది తప్పు వరసలోకి వెళ్తుంది. తీయలేని పోస్టు మిగిలిపోతే కౌన్సెలర్‌కు ముందే తెలియజేసి ఉంచండి.

తల్లిదండ్రులుగా ఫోను లాక్కోవడం సరైనదేనా?

కాదు. అమ్మాయిలు ఇంట్లో చెప్పకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. ఫోను పోతుందని, “నువ్వేం చేశావో” అంటారని, అన్నిటికంటే ముఖ్యంగా చదువు మాన్పిస్తారని భయపడతారు. ఆ మూడో భయం పోగొట్టే మాట మొదట మీ నోట రావాలి: “ఏం జరిగినా నీ చదువు ఆగదు.” ఆ తర్వాతే ప్రశ్నలు. ఎవరు, ఎప్పటినుంచి అని గుచ్చి అడిగేముందు ఆమెను చెప్పనివ్వండి.

కోపంతో అవతలి పిల్లల ఇంటికి వెళ్లకండి. వాళ్లు వెంటనే పోస్టులు చెరిపేస్తారు, మర్నాడు బడిలో కక్ష మీ పిల్ల మీద తీర్చుకుంటారు. పెళ్లి చేసేద్దాం, చదువు చాలు అనే బంధువుల మాటలు ఆమె చెవిన పడనీయకండి. రాత్రిపూట ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఒకేచోట పెట్టే నియమం పెట్టండి. అందరికీ ఒకటే కాబట్టి అది శిక్షలా ఉండదు, నిద్రా దక్కుతుంది.

స్కూలుకు ఎలా ఫిర్యాదు చేయాలి?

నోటిమాటగా కాదు, రాసి ఇవ్వండి. ఒక పేజీ దాటొద్దు. మొదటి పేరాలో ఏం జరిగిందో తేదీలతో, రెండో పేరాలో చదువు మీద పడ్డ ప్రభావం, మూడో పేరాలో మీరు అడుగుతున్నవి. ఆధారాలు విడిగా జతచేయండి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. అడగాల్సినవి స్పష్టంగా ఉండాలి: తప్పిపోయిన పరీక్ష మళ్లీ పెట్టడం, వేధించేవాళ్లను అదే ప్రాజెక్టు జట్టులో వేయకపోవడం, గ్రూపులో టీచరు ఉండటం, నోటీసులు విడిగా అందడం, ఏ రోజులోగా జవాబిస్తారు, ఎవరిస్తారు. మూడు పనిదినాల్లో కబురు లేకపోతే పాత ఉత్తరం తేదీ రాస్తూ రెండో ఉత్తరం ఇవ్వండి.

బడులు ఎక్కువగా చేసే పొరపాటు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం. సమానుల మధ్య గొడవకు అది పనికొస్తుంది. ఇక్కడ బలం సమానంగా లేదు, కాబట్టి బాధితురాలు భయంతో “సరే” అంటుంది, బయటికొచ్చాక కథ మళ్లీ మొదలు. రెండో పొరపాటు అమ్మాయినే వేరే సెక్షన్‌కు మార్చడం. తనకు తానుగా కోరితే తప్ప ఒప్పుకోకండి. చివరి ఏడాదిలో సెక్షన్ మారితే ఆమెను ఎరిగిన టీచర్లు, వాళ్లతోపాటు సిఫారసు ఉత్తరాలు కూడా పోతాయి.

పోలీసుల దాకా ఎప్పుడు వెళ్లాలి?

చంపుతామన్నా, కొడతామన్నా, లైంగిక చిత్రాలు ఉన్నా, డబ్బు అడిగినా, ఇంటి చిరునామా బయటపెట్టినా, వెంటపడుతున్నా స్కూలు తేల్చేదాకా ఆగకండి. మీ దేశంలోని సైబర్ నేరాల విభాగానికి అదే రోజు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి.

“నేను లేకపోతే అందరికీ బాగుంటుంది” అంటోంది. ఏం చేయాలి?

నేరుగా అడగండి: “చనిపోవాలనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మందులు, పురుగుమందు, పదునైన వస్తువులు అందకుండా తీసేయండి. మీ దగ్గరి అత్యవసర నంబరుకు లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు వెంటనే ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరీక్ష రేపే ఉన్నా సరే. పరీక్షను మళ్లీ రాయొచ్చు. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ దాచండి, గడువు పొడిగింపుకు అదే ఆధారం.

వేధించేది మా అమ్మాయే అని తెలిసింది.

వెనకేసుకు రావద్దు, నలుగురిలో కొట్టొద్దు. పోస్టులు తీయించండి. తీసే ముందు కాపీ స్కూలుకు ఇవ్వండి, సాక్ష్యం చెరిపేసినట్టు కాకూడదు. తాను కూడా ఎక్కడైనా వేధింపు పడుతోందేమో అడగండి, రెండూ ఒకే పిల్లకు జరగడం అరుదేమీ కాదు. ఆమె పైచదువుల మీదా దీని ప్రభావం ఉంటుంది. క్రమశిక్షణ చర్యల వివరాలు అడిగే కాలేజీలు ఉన్నాయి.

కొత్త కాలేజీలో చేరుతున్నాను. పాతది వెంటపడకుండా ఏం చేయాలి?

చేరకముందే కొత్త బ్యాచ్ పేరుతో గ్రూపులు పుట్టుకొస్తాయి. కాలేజీ అధికారికంగా పంపిన లింకుతో తప్ప చేరకండి, ఫేక్ గ్రూపుల్లో నంబర్లు పోగుచేసేవాళ్లు ఉంటారు. పాత యూజర్‌నేమ్ మార్చండి, మారినా పాత పోస్టుల్లోని ట్యాగులు మిగులుతాయి కాబట్టి అవీ తీసేయండి. హాస్టల్ గదిలో మొదటి వారం అందరూ ఫోన్లు పంచుకుంటారు. మీ ఫోనుకు లాక్ ఉండనివ్వండి, ల్యాప్‌టాప్ తెరిచి వదిలి వెళ్లొద్దు.

జరిగిందంతా కొత్త స్నేహితులకు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఒక్కరికి మాత్రం చెప్పి ఉంచండి: కాలేజీ కౌన్సెలర్, వార్డెన్, లేదా విద్యార్థుల సంక్షేమం చూసే అధ్యాపకులు. మొదటి నెలలోనే ఒకసారి కలిసి, మీ పాత ఫిర్యాదు నకలు చూపించి, “మళ్లీ మొదలైతే మీ దగ్గరికి వస్తాను” అని చెప్పండి. అవసరం పడిన రోజు కథంతా మొదటినుంచి చెప్పే ఓపిక ఉండకపోవచ్చు.